బెంగళూరులో కూర్చొని గ్రహశకలాల కోసం పెద్ద రోబోటిక్ టెలిస్కోప్ నడపొచ్చా?

నడపొచ్చు, కానీ టెలిస్కోప్‌ని మాత్రం ఊళ్లో పెట్టకండి. వీధి దీపాలు, దుమ్ము, పైగా నెలల తరబడి మబ్బులు. బెంగళూరు పక్కన హోసకోటె నుంచే భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు లడఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల అద్దమున్న చంద్ర టెలిస్కోప్‌ని ఉపగ్రహ లింకు ద్వారా ఏళ్లుగా నడుపుతున్నారు. అయితే అది రిమోట్, నడపడానికి మనిషి ఉండాలి. హాన్లేలోనే ఉన్న 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోప్ అసలైన రోబోటిక్, అంటే తనంతట తానే నడుస్తుంది.

అందరూ అద్దం ఖరీదే అడుగుతారు గానీ, నన్నడిగితే అసలు టెన్షన్ డోమ్‌తోనే, అంటే టెలిస్కోప్ మీద తెరుచుకుని మూసుకునే గుండ్రటి కప్పుతో. తేమో గాలో వానో హద్దు దాటిందని సెన్సర్ చెప్పగానే, నెట్ పోయినా కరెంటు పోయినా, ఎవరినీ అడక్కుండా అది మూసుకోవాలి, అందుకే దానికి విడిగా బ్యాటరీ, విడిగా కంట్రోలర్ పెట్టండి.

ఇక గ్రహశకలాలు. టెలిస్కోప్‌ని నక్షత్రాల వెంట తిప్పితే, భూమికి దగ్గరగా వచ్చిన శకలం ఫోటోలో గీతలా సాగిపోతుంది. కాబట్టి శకలం వేగంతోనే తిప్పాలి, లేదా చిన్న ఎక్స్‌పోజర్లు బోలెడు తీసి, దాని కదలిక మేరకు జరిపి కలపాలి. గడియారాన్ని జీపీఎస్‌తో సరిచూసుకోవాలి. సెకనుకు 1 ఆర్క్‌సెకను (డిగ్రీలో 3,600వ వంతు) కదిలేదానికి టైం 1 సెకను తప్పితే స్థానమూ అంత తప్పుతుంది, ఆ కొలతే మీరు మైనర్ ప్లానెట్ సెంటర్‌కి, అంటే ప్రపంచం నలుమూలల నుంచి గ్రహశకలాల కొలతలు సేకరించే సంస్థకి, పంపేది.

అన్నట్టు, ఇటువైపే కావాలంటే తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ ఉంది. 4130 రామానుజన్ అనే గ్రహశకలాన్ని 1988లో అక్కడే కనుక్కున్నారు.