బెంగళూరులో యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైను లేని ఏరియాలో కట్టిన ఇల్లు కొంటున్నాం. ప్లాన్‌లో సెప్టిక్ ట్యాంకు ఉంది. దాన్ని ఎవరైనా చెక్ చేసి ఉంటారా?

ప్లాన్ కాగితం మీద చూసి ఉంటారు. నేలలో చూశారని మాత్రం నమ్మకండి. నేను నమ్మి దెబ్బతిన్నాను.

మాది చిత్తూరు జిల్లా. కేఆర్ పురం దాటాక, 2007లో బెంగళూరులో కలిపిన 110 ఊళ్లలో ఒకదాంట్లో, 30×40 అడుగుల సైటులో కట్టిన ఇల్లు కొన్నాం. ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు), ఈసీ, శాంక్షన్ ప్లాన్ అన్నీ లాయరుకు చూపించాం. ప్లాన్‌లో ఇంటి వెనక రెండు గదుల సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ట్యాంకు నీళ్లు భూమిలోకి ఇంకే ఇంకుడు గుంత ముచ్చటగా గీసి ఉన్నాయి.

మూడో ఏడు ఆగస్టు వానలకు కింది బాత్రూంలో నీళ్లు వెనక్కి తన్నాయి. సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి పిలిపిస్తే, వచ్చిన కుర్రాడు అడిగిన మొదటి మాట, "మూత ఎక్కడ సార్?" మూత లేదు. వెనకంతా తవ్వించినా ట్యాంకే లేదు. చివరికి పక్కింటి పెద్దాయన, మదనపల్లె ఆయన, గోడ మీంచి చూసి, "ఆడ ఏముంటుంది నాయనా, కారు పెట్టే చోట రింగులు దించినారు గదా" అన్నాడు. ఈ మాట కొనే ముందు ఆయన్ని అడగాలని నాకు తోచలేదు!

పార్కింగ్‌లో గ్రానైట్ పగలగొడితే సిమెంటు రింగులు పేర్చిన గుంత బయటపడింది. దానికి అడుగు లేదు. మూడేళ్ల మురుగు నేరుగా భూమిలోకి దిగింది. బోరు నుంచి టేపు పెట్టి కొలిస్తే ఏడు మీటర్లు. ఇంకుడు గుంత మంచినీళ్ల బావికీ బోరుకూ కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. 30×40 సైటులో ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచినా 50 అడుగులే, అంటే 15 మీటర్లు. పైగా పక్కిళ్ల గుంతలు మన బోరుకు ఇంకా దగ్గర. ఆ రోజు నుంచి బోరు నీళ్లు తాగడం మానేశాం.

ఎవరూ ఎందుకు చూడరంటే, ప్లాన్ ఇచ్చేది కార్పొరేషన్ (2025 సెప్టెంబరు నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు). డ్రైనేజీ జలమండలిది (బెంగళూరు నీళ్లు, మురుగు చూసే సంస్థ). లైను ఉన్నచోట జలమండలికి మీ ఇంటి కనెక్షన్‌తో పని. లైను లేనిచోట మీ గుంత ఎవరి రిజిస్టరులోనూ ఉండదు. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలై ఈ 110 ఊళ్లకు నీళ్లొస్తున్నాయి, సంతోషం. కానీ యూజీడీ రాని వీధిలో నీళ్లు ఎక్కువ వాడితే గుంత అంత త్వరగా నిండుతుంది. మా వీధిలో బండి రాని వారం లేదు ఇప్పుడు.

కాబట్టి రిజిస్ట్రేషన్‌కు ముందే, అమ్మేవాళ్ల ఖర్చుతో బండి పిలిపించి ట్యాంకు ఖాళీ చేయించండి. మూతలు తీసి పైనుంచే టార్చి వేసి చూడండి. రెండు గదులు, మధ్యలో గోడ, సిమెంటు చేసిన అడుగు, లోపలికొచ్చే చోటా బయటికెళ్లే చోటా T ఆకారం పైపు కనిపించాలి. గాలి గొట్టం డాబా దాటి పైకి ఉండాలి. మూత చూపించలేకపోతే ట్యాంకు లేదనే అనుకోండి.

ఎవరినీ లోపలికి దింపొద్దు. విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు లేకుండా ఇలా దింపడం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. ఇంటి ఓనరైనా తప్పించుకోలేడు.

తర్వాత రెండు మూడేళ్లకోసారి తీయించండి. పొంగేదాకా ఆగితే బురద ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది, అప్పుడు ట్యాంకు ఎన్నిసార్లు ఖాళీ చేసినా లాభం లేదు. యాసిడ్, ఫినాయిల్ పొయ్యడం తగ్గించండి, లోపల బురదను తినే బ్యాక్టీరియా చస్తుంది. ఇంకో మాట, బండివాణ్ణి ఎక్కడ పోస్తావని అడగండి. మాకు వచ్చిన మొదటివాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత వాణ్ణి పిలవలేదు.

మాకు గుంత పూడ్చి, కొత్త ట్యాంకు కట్టించి, గ్రానైట్ మళ్లీ పరిపించేసరికి లక్షా ఇరవై వేలు దాటింది. బిల్డరు ఫోను ఎత్తలేదు. సేల్ అగ్రిమెంటులో దీని గురించి ఒక్క ముక్క లేదు కాబట్టి అడగడానికీ మాకు ఆధారం లేకపోయింది. మీరు "ప్లాన్‌లో చూపిన చోటే, చూపిన కొలతలతోనే సెప్టిక్ ట్యాంకు ఉంది" అని ఒక లైను రాయించండి. ఆ లైను రాయడానికి వాళ్లు వెనకాడితే, పార్కింగ్ రాళ్ల కింద ఏముందో ఇరుగుపొరుగును అడిగి చూడండి.