మోకాలు దాచొద్దు, అబ్బీ

అబ్బీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నువ్వు డిగ్రీ మధ్యలో ఆపి బెంగళూరులో ఫుట్‌బాల్ క్లబ్ ట్రయల్స్‌కి వస్తానంటున్నావట. "నీ మేనల్లుడికి నువ్వైనా బుద్ధి చెప్పు" అని ఏడ్చింది. సరేనన్నాను. తర్వాత నిద్ర పట్టక అటక మీది నా పాత బూట్లు దించి తుడుస్తూ కూర్చున్నాను. మీ అత్త తిట్టింది.

బుద్ధి చెప్పడానికి ఏముంది? వేళకి నిద్రపో. పుట్టిన తేదీ సర్టిఫికెట్ జెరాక్సులు పెట్టుకో. డిగ్రీ మాత్రం ఆపొద్దు, దూరవిద్యకి మార్చుకో.

ఆట సంగతి. నువ్వు పంపిన వీడియో చూశాను. బంతి వస్తుంటే బంతినే చూస్తున్నావు. మిడ్‌ఫీల్డర్‌కి మెడ తిరగాలిరా! పాస్ అందకముందే రెండుసార్లు వెనక్కి చూడాలి. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ షావీ అంతటివాడు ఆట మొత్తం చేసింది అదే. ట్రయల్స్‌లో అందరూ ముక్కూ మొహం తెలియనివాళ్లే ఉంటారు. మొదటి ఐదు నిమిషాల్లో పక్కవాళ్ల పేర్లు కనుక్కో. పేరు పెట్టి పిలిచేవాడికే బంతి వస్తుంది. గోల్ కొట్టి చూపించాలని ఎగబడకు.

ఇక అసలు మాట. నా మోకాలు ఎలా పోయిందని చిన్నప్పుడు అడిగితే స్కూటర్ మీంచి పడ్డానని చెప్పాను. అబద్ధం.

1994. స్పోర్ట్స్ కోటా ఉద్యోగంలో టెంపరరీగా ఉన్నాను. పర్మనెంట్ చేసే లిస్టు ఇవాళో రేపో అంటున్నారు. ఒకరోజు ప్రాక్టీసులో బంతితో తిరుగుతుంటే మోకాల్లో టప్పున చప్పుడైంది. సాయంత్రానికి సంగటి ముద్దలా ఉబ్బింది. ఎవరికీ చెప్పలేదు. కుంటివాడని తెలిస్తే లిస్టులోంచి పేరు కొట్టేస్తారని భయం. పదిరోజులు రాత్రిళ్లు ఐసు పెట్టుకుని, పగలు నవ్వుతూ నడిచాను. మ్యాచ్ రోజున స్టాకింగ్ కింద క్రేప్ బ్యాండేజీ బిగించి, రెండు నొప్పి మాత్రలు మింగి, అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో దిగాను.

ఇరవై నిమిషాలు బాగానే ఆడాను. తర్వాత ఒక బంతి ఎడమవైపు నుంచి వచ్చింది. కాలు ఊని తిరిగాను. ఒళ్లు తిరిగింది, మోకాలు తిరగలేదు. స్ట్రెచర్ పక్కన మా కోచ్, పెద్దాయన, కన్నడలో ఒక్కటే అడిగాడు: "యాకప్పా హేళ్లిల్ల?" ఎందుకు చెప్పలేదని. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి రోజే చెప్పి ఉంటే లిగమెంట్ ఒక్కటే. తెగినదాని మీద ఆడేసరికి లోపలి మెత్త కూడా చీలింది. ఉద్యోగం వచ్చింది, ఆట పోయింది. ఆ మ్యాచ్ స్కోరు ఇప్పుడు నాకే గుర్తులేదు.

ఇప్పుడు ఏసీఎల్ అనే ఆ మోకాలి లిగమెంట్ తెగినా ఆపరేషన్ చేయించుకుని తొమ్మిది నెలలో, ఏడాదో ఆగి మళ్లీ ఆడుతున్నారు. కానీ డాక్టరుకి చూపించాలి కదా! క్లబ్ కాగితం ఇస్తే జీతం అంకె చూసి మురిసిపోవద్దు. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఆడలేని నెలల్లో జీతం ఇస్తారా, అది చదువు. అర్థం కాకపోతే నాకు చూపించు. ఇంకోటి, ఆర్టిఫిషియల్ టర్ఫ్ మీద అడుగున పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు వేసుకోవద్దు. అవి పట్టుకుంటే వదలవు. నా పాత బూట్లు అడుగుతావేమో, ఇవ్వను.

అక్కతో నేను మాట్లాడతాలే. హైదరాబాద్ నుంచి వెళ్లిన విక్టర్ అమల్‌రాజ్ కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడాడు, ఆయనా మిడ్‌ఫీల్డరే అని చెబుతాను. ఆవిడకి ఆయనెవరో తెలియదు, అయినా చెబుతాను.

తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా గ్రౌండ్‌కి పోతే చంపుతాను. ముందు రోజే వచ్చి ఇంట్లో పడుకో. అత్త సంగటి చేస్తుంది. మెజెస్టిక్ బస్టాండ్‌లో అండర్‌పాస్ మెట్లు నాకు కష్టం, పైన ఆటోల దగ్గర నిలబడి ఉంటాను. నీ బ్యాగు మాత్రం నా చేతికివ్వకు. మీ అత్త చూస్తే నిన్నే తిడుతుంది.

మీ మామయ్య