కీన్స్ మాట మార్చాడా? - సమాధానం

మీ డౌట్ నాకు అర్థమైందండి, 1936లో ప్రభుత్వం ఖర్చు పెట్టాలి, డిమాండ్ పెంచాలి అన్న బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్, 1940కి వచ్చేసరికి జనం ఖర్చు తగ్గించుకోవాలని ఎందుకన్నాడు, థియరీ వదిలేశాడా అని కదా మీరడిగింది. వదల్లేదండి, అదే థియరీని తిరగేసి వాడాడు అంతే.

1936 నాటికి పనిలేనివాళ్లు, ఖాళీ ఫ్యాక్టరీలు బోలెడు, అప్పుడు డిమాండ్ పెంచితే సరుకు పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సీన్ రివర్స్. అందరికీ పని, ఓవర్‌టైమ్, చేతిలో జీతం డబ్బులు, కానీ ఫ్యాక్టరీలో తయారయ్యేది చొక్కాలూ బూట్లూ కాదు, విమానాలు, గుండ్లు. షాపులో పది జతల బూట్లుండి ఇరవైమంది డబ్బులు పట్టుకుని నిలబడితే ఏమవుతుంది, రేటు పెరుగుతుంది, బూట్లు పెరగవు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో ధరలు దాదాపు రెట్టింపయ్యాయి, కూలీ జనం నలిగిపోయారు, అది మళ్లీ జరక్కూడదనే ఆయన తాపత్రయం. అందుకే జీతంలో కొంత ఇప్పుడు పట్టుకుని యుద్ధం అయ్యాక తిరిగివ్వండి అన్నాడు.

ఇది బ్రిటన్ 1941 బడ్జెట్‌లో పోస్ట్‌వార్ క్రెడిట్స్‌గా, అంటే యుద్ధం అయ్యాక తిరిగిచ్చే పన్ను డబ్బుగా కొంతవరకు అమలైంది, కాకపోతే ఆ బాకీకి ఇచ్చిన సర్టిఫికెట్ కాగితాలు బీరువాల్లో పెట్టుకున్న చాలామందికి డబ్బు చేతికొచ్చేసరికి ముసలితనం వచ్చేసింది, చివరి చెల్లింపులు 1970ల దాకా సాగాయి. నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది.

ఇంకోటి, జీతాల్లో ఎంత కోయాలో తెలియాలంటే దేశం మొత్తం ఆదాయం తెలియాలి కదా, ఆ లెక్క జేమ్స్ మీడ్, రిచర్డ్ స్టోన్ అనే ఆర్థికవేత్తలు కట్టారు. మనం ఇప్పుడు చదివే జీడీపీ లెక్కలకు అదొక ముఖ్యమైన పునాది, ఆన్సర్‌లో ఈ పాయింట్ తప్పకుండా రాయండి.