అత్తగారి లైఫ్‌లైన్ ఫోన్ రీసర్టిఫికేషన్ ఉత్తరం నిజమైనదే, 60 రోజులు దాటనివ్వకండి

మీ అత్తగారికి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే హెల్త్ కవరేజ్) మీద లైఫ్‌లైన్ (అలాంటి వాళ్ళకే ఫోన్ ఖర్చు తగ్గించే అమెరికా ప్రభుత్వ స్కీమ్) ఫ్రీ ఫోన్ ఉందని, 60 రోజుల్లో రీసర్టిఫై చేయకపోతే, అంటే ఇంకా అర్హత ఉందని మళ్ళీ చూపించకపోతే ఆపేస్తామని ఉత్తరం వచ్చిందని, అది స్కామేమోనని డౌట్‌గా ఉందని రాశారు. మీరిద్దరూ జాబ్ చేస్తున్నారు కాబట్టి మీ జీతాలు చూసి తీసేస్తారేమో అని కూడా అడిగారు. ఉత్తరం చాలావరకు నిజమైనదే అయి ఉంటుందండి, లైఫ్‌లైన్‌కి ప్రతి ఏడాదీ ఇది ఉంటుంది. మీ జీతాల గురించి కింద రాస్తాను, ముందు మా అమ్మకి ఏమైందో చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టేస్తే ఏమవుతుందో మేం చూశాం.

మేం ఉండేది న్యూజెర్సీలో. అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు, నాన్న పోయాక అన్నయ్య స్పాన్సర్ చేసి తీసుకొచ్చాడు, తర్వాత సిటిజన్ కూడా అయింది. 2022లో అన్నయ్య వాళ్ళు ఇల్లు అమ్మేసి టెక్సాస్ వెళ్ళిపోయారు, అమ్మ మాత్రం మళ్ళీ కొత్త ఊరు నా వల్ల కాదే అంటే మా ఇంటికి దగ్గర్లో సీనియర్ అపార్ట్‌మెంట్ దొరికింది, అందులో చేర్పించాం. పోస్టాఫీసులో మెయిల్ ఫార్వర్డింగ్ పెట్టాం, ఇంక అయిపోయింది అనుకున్నాం. ఆ ఫార్వర్డింగ్ ఏడాదే ఉంటుంది. మెడికెయిడ్ ఆఫీసులో అడ్రస్ మార్చాలన్న సంగతి నేనూ అన్నయ్యా ఇద్దరం మర్చిపోయాం, ఒకరు చేసి ఉంటారని ఇంకొకరు.

కోవిడ్ టైమ్‌లో మెడికెయిడ్ ఎవరికీ తీసేయకుండా ఉంచారు కదా, ఆ రూల్ 2023 మార్చి 31తో అయిపోయింది, ఆ తర్వాత అన్ని స్టేట్లలో మళ్ళీ రెన్యువల్ పేపర్లు పంపడం మొదలుపెట్టారు. అమ్మ పేపర్లు పాత అడ్రస్‌కి వెళ్ళాయి, జవాబు రాలేదని మెడికెయిడ్ ఆగిపోయింది. మాకు తెలీదు. ఫోన్ ఆగిపోయాకే అది కూడా బయటపడింది.

ఈ రెండింటికీ లింకేంటంటే, లైఫ్‌లైన్‌ని ఎఫ్‌సీసీ (ఫోన్, ఇంటర్నెట్ రూల్స్ చూసే ప్రభుత్వ సంస్థ) తరఫున యూశాక్ అనే సంస్థ నడుపుతుంది, ఏడాదికోసారి వాళ్ళే ముందు గవర్నమెంట్ డేటాబేసుల్లో చూసుకుంటారు, ఈ మనిషికి మెడికెయిడ్ ఇంకా ఉందా, హౌసింగ్ సబ్సిడీ ఉందా అని. అందులో పేరు దొరికితే మీరేం చేయక్కర్లేదు, దానంతట అదే రెన్యూ అయిపోతుంది. దొరక్కపోతేనే 60 రోజుల ఉత్తరం వస్తుంది. అంటే మీ అత్తగారికి ఆ ఉత్తరం వచ్చిందంటే డేటాబేస్‌లో ఆవిడ దొరకలేదని అర్థం, కాబట్టి ఫోన్ సంగతి చూస్తూనే ఆవిడ మెడికెయిడ్ అసలు యాక్టివ్‌గా ఉందో లేదో ఇవాళే కనుక్కోండి. ఇది ఫోన్ కంటే పెద్ద విషయం, దయచేసి వదిలేయకండి.

మా అమ్మకి ఆ ఉత్తరం వచ్చింది. ఆవిడ దాన్ని యాడ్ అనుకుని కూపన్లు దాచే సంచిలో పెట్టేసింది. తర్వాత గుర్తు చేస్తూ కాల్స్, మెసేజ్‌లు కూడా వచ్చాయి, కానీ తెలీని నంబర్ ఎత్తొద్దమ్మా, మెసేజ్‌లో లింక్ నొక్కొద్దమ్మా అని మనమే కదా నూరిపోశాం, పాపం నేను చెప్పినట్టే చేసింది. ఒక గురువారం ఫోన్ పనిచేయడం మానేసింది. ఛార్జింగ్ పోయిందేమోనని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టుకుందట. ఆ బిల్డింగ్‌లో కింద గుమ్మం దగ్గర బజర్ నొక్కితే పైన ఉన్నవాళ్ళ సెల్‌ఫోన్ మోగుతుంది, అలా కనెక్ట్ చేసి ఉంటుంది. శుక్రవారం కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే వ్యాన్ వచ్చింది, డ్రైవర్ బజర్ నొక్కితే ఫోన్ మోగలేదు, కాసేపు చూసి వెళ్ళిపోయాడు. అమ్మ చీర కట్టుకుని సోఫాలో కూర్చుని రెండు గంటలు ఎదురు చూసింది. అపాయింట్‌మెంట్‌కి రాలేదేంటని క్లినిక్ వాళ్ళు నాకు ఫోన్ చేస్తే అప్పుడు పరిగెత్తాను.

లైఫ్‌లైన్‌లోంచి తీసేశాక మళ్ళీ మొదటినుంచి అప్లై చేయాల్సి వచ్చింది, కొత్త సిమ్ కొత్త నంబర్. ఈ దేశంలో ఆవిడకి కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబర్ అది. పర్సులో చీటీ మీద, గుడి డైరెక్టరీలో, మందుల షాపులో, డాక్టర్ల దగ్గర, ఊళ్ళో పిన్ని వాళ్ళ దగ్గర అన్నిచోట్లా అదే ఉంది. నెలకి 9.25 డాలర్లు, మాలాంటి వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే తగ్గింపు ఎక్కువలో ఎక్కువ అంతే, ఆ డబ్బు మేం కట్టలేక కాదు. ఆ నంబర్ పోయాక ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకోవడానికే భయపడింది కొన్నాళ్ళు, నాకు అదే బాధ.

సరే ఇప్పుడు మీరు చేయాల్సింది. ఉత్తరం మీద తేదీ చూడండి, 60 రోజులు అక్కణ్ణించే లెక్క, మీరు కవర్ చింపిన రోజు నుంచి కాదు. అందులో అప్లికేషన్ ఐడీ ఉంటుంది. స్కామ్ అనే డౌట్ ఉంటే ఉత్తరంలో నంబర్‌కి కాకుండా లైఫ్‌లైన్ సపోర్ట్ సెంటర్‌కే చేయండి, 1-800-234-9473, వారంలో ఏడు రోజులూ ఈస్టర్న్ టైమ్ పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా ఉంటారు. ఇంగ్లీష్, స్పానిష్‌లో మాట్లాడతారు కాబట్టి అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ముందు ఆవిడ లైన్లోకి వచ్చి నా తరఫున కోడలు మాట్లాడుతుంది అని చెబితే సులువు. అసలైన వాళ్ళు రీసర్టిఫికేషన్‌కి డబ్బులు అడగరు, కార్డ్ నంబర్ అడగరు. ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి.

రీసర్టిఫై చేయడం ఆన్‌లైన్‌లో చేయొచ్చు, లైఫ్‌లైన్ సపోర్ట్ డాట్ ఆర్గ్‌లో, లేదా ఫోన్ మీద, లేదా 5630 అనే ఫారం నింపి పోస్టులో. ఆన్‌లైనే మేలు, వెంటనే తెలిసిపోతుంది. అమ్మ పక్క ఫ్లాట్‌లో నెల్లూరు పిన్నిగారు ఉన్నారు, ఆవిడకి ఈమెయిల్ లేదని పేపర్ ఫారమే నింపాం, అక్కడొకటి గమనించాను. ఫారంలో ప్రతి వాక్యం పక్కనా ఇనీషియల్స్ వేయాలి, ఆవిడ అన్నిటికీ టిక్కులు పెట్టేశారు, తప్పు అంటే మళ్ళీ మన పద్ధతిలో ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే వేశారు. ఇక్కడ ఇనీషియల్స్ అంటే పేరుదీ ఇంటిపేరుదీ రెండు అక్షరాలూ వేయాలి, కొత్త ఫారం ప్రింట్ తీసి మళ్ళీ రాయించాను. పోస్టులో పంపితే ఆఖరి వారం దాకా ఆగకండి.

అన్నిటికంటే ముఖ్యం పేరు. మన పేర్లతో ఇక్కడ ఎప్పుడూ తంటానే కదా. అమ్మ పేరులో వెంకట అని ముందొక ముక్క ఉంది, పాస్‌పోర్ట్‌లో రెండూ కలిపి గివెన్ నేమ్, మెడికెయిడ్ కార్డులో వెంకట ఒక్కటే ఫస్ట్ నేమ్, మిగతాది మిడిల్ నేమ్‌లోకి వెళ్ళింది, లీజు కాగితాల్లో ఇంకోలా. కొత్తగా అప్లై చేసినప్పుడు నేను పాస్‌పోర్ట్ చూసి రాశాను, మ్యాచ్ కాలేదు. లీజులో, హౌసింగ్ సబ్సిడీ కాగితంలో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలా రాస్తే అయిపోయింది. మీరు కూడా అత్తగారి మెడికెయిడ్ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని అందులో ఉన్నట్టే పేరు, పుట్టినరోజు, అడ్రస్ కొట్టండి, అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా. పుట్టినరోజు అంటే ఇంట్లో చేసుకునేది కాదు, కాగితాల మీద ఉన్నది, మన పెద్దవాళ్ళకి రెండూ వేరు వేరు ఉంటాయి.

డాక్యుమెంట్ అడిగితే కార్డు ఫోటో కంటే ఉత్తరమే పంపండి, ఆవిడ పేరు, ప్రోగ్రామ్ పేరు, 12 నెలల లోపు తేదీ కనబడాలి. మెడికెయిడ్ ఆగిపోయిందని తేలినా కంగారు పడకండి, అదొక్కటే దారి కాదు. స్నాప్ (ఫుడ్ స్టాంపులు), ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్ళకి, వికలాంగులకి నెలనెలా ఇచ్చే డబ్బు), ఫెడరల్ హౌసింగ్ సబ్సిడీ, వెటరన్స్ పెన్షన్, వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. అమ్మ బిల్డింగ్ సెక్షన్ 8 అనే హౌసింగ్ సబ్సిడీ కింద ఉంది, మెడికెయిడ్ తిరిగి వచ్చేలోపే మేం హౌసింగ్ మీద అప్లై చేసి ఫోన్ తెచ్చుకున్నాం. మరుసటి ఏడాది డేటాబేస్‌లోనే దొరికింది, మీరేం చేయక్కర్లేదు అని ఉత్తరం వచ్చింది. ఈ ప్రోగ్రామ్‌లు ఏవీ లేకపోతే ఇన్‌కమ్ మీద కూడా ఇస్తారు, ఫెడరల్ పావర్టీ లెక్కకి (ప్రభుత్వం పెట్టిన పేదరికపు గీతకి) 135 శాతం లోపు ఉండాలి, 2025లో ఒక్క మనిషి ఉన్న ఇంటికి అది ఏడాదికి సుమారు 21,128 డాలర్లు.

మీ జీతాల డౌట్ ఇక్కడే వస్తుంది. ఇన్‌కమ్ మీద అప్లై చేస్తే ఇంట్లో కలిసి ఖర్చులు పంచుకునే అందరి ఆదాయం చూస్తారు, అప్పుడు మీ ఇద్దరి జీతంతో కుదరదు. కానీ మెడికెయిడ్ మీద అయితే ఆవిడకి మెడికెయిడ్ ఉందా లేదా అన్నదే చూస్తారు. ఇంటికి ఒక్కటే లైఫ్‌లైన్ అన్నది మాత్రం గట్టి రూల్, మామగారికి కూడా ఇంకొకటి తీసుకుని ఉంటే రెండూ ఉంచుకోవడం కుదరదు. సీనియర్ అపార్ట్‌మెంట్లలో అయితే ఒకే అడ్రస్‌లో చాలామంది ఉంటారు కాబట్టి హౌస్‌హోల్డ్ వర్క్‌షీట్ అని ఇంకో ఫారం అడుగుతారు, మేం వేర్వేరు కుటుంబాలం అని చెప్పడానికి, అది మామూలే.

ఇంకోటి, చాలామంది గవర్నమెంట్ ఫోన్ స్కీమ్ ఎత్తేశారట కదా అంటున్నారు. ఎత్తేసింది ఏసీపీ, నెలకి 30 డాలర్లు ఇంటర్నెట్‌కి ఇచ్చేది, 2 కోట్ల 30 లక్షల ఇళ్ళకి వచ్చేది, డబ్బులు అయిపోయి 2024 జూన్ 1న ఆగిపోయింది. లైఫ్‌లైన్ వేరు, 1985 నుంచి ఉంది, ఇంకా ఉంది. న్యూజెర్సీ వాళ్ళకి ఇంకో కన్‌ఫ్యూజన్, ఇక్కడ పెద్దవాళ్ళకి కరెంటు, గ్యాస్ బిల్లుకి ఏడాదికి 225 డాలర్లు ఇచ్చే స్టేట్ స్కీమ్ పేరు కూడా లైఫ్‌లైనే. ఆ పేపర్లు నింపేశాం కదా అని ఫోన్ ఉత్తరం వదిలేసినవాళ్ళు మాకు తెలుసు.

మీ అత్తగారు ఇండియా వెళ్తుంటారు అని కూడా రాశారు కాబట్టి ఇది చెప్పాలి. నెలకి ఏమీ కట్టని ప్లాన్ అయితే 30 రోజుల్లో ఒక్కసారైనా ఫోన్ వాడాలి, వాడకపోతే నోటీస్ ఇచ్చి ఇంకో 15 రోజులు చూసి తీసేస్తారు. ఇంట్లో వైఫై మీద రోజంతా వాట్సాప్ మాట్లాడినా అది ఆ సిమ్ వాడినట్టు కాదు. అందుకే నేను ప్రతి ఆదివారం అమ్మ చేత మామూలు కాల్ ఒకటి చేయించుకుంటాను, వైఫై ఆపేసి. ఆవిడ రెండు మూడు నెలలు ఊరు వెళ్ళేముందు ఫోన్ కంపెనీతో మాట్లాడండి, మెయిల్‌బాక్స్ తాళం మీ దగ్గర ఉంచుకోండి. అడ్రస్ మారితే 30 రోజుల్లో ఫోన్ కంపెనీకి చెప్పాలి, మెడికెయిడ్ ఆఫీసుకి విడిగా చెప్పాలి, ఒకచోట చెబితే రెండో చోటికి దానంతట అది వెళ్ళదు.

అమ్మ మొదట్లో అనేది, మన పిల్లలు సంపాదిస్తుంటే నాకు ఈ ధర్మం ఫోన్ ఎందుకే అని. మీ అత్తగారు కూడా అలా అంటే మీ ఫోన్ బిల్లు తీసి చూపించండి, యూనివర్సల్ సర్వీస్ అని ఒక లైన్ ఉంటుంది, లైఫ్‌లైన్‌కి డబ్బు వచ్చేది అందులోంచే, అది మనందరం నెలనెలా కడుతున్నదే. అది చూశాక అమ్మ మళ్ళీ ఆ మాట అనలేదు. కొత్త నంబర్ కూడా ఇప్పుడు కంఠతా వచ్చేసింది.

ఉత్తరం మీద తేదీ ఎంత ఉందో, ఎన్ని రోజులు మిగిలాయో ఇక్కడ రాయండి. పది రోజుల లోపే ఉంటే పోస్టు జోలికి వెళ్ళకుండా ఇవాళ సాయంత్రమే ఆన్‌లైన్‌లో చేసేయండి, ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్ మీద ఏం రాసి ఉందో చెప్పండి, నేను రాత్రి పదింటి దాకా చూస్తూనే ఉంటాను. ఆవిడ సోషల్ సెక్యూరిటీ నంబర్, పుట్టినతేదీ మాత్రం ఇక్కడ పెట్టకండి.