జర్మనీ లెక్కలు ఎందుకు కలవవంటే

జర్మనీలో ముస్లిం వ్యతిరేక ఘటనల మీద పోలీసుల అంకెలకూ, అలాంటి ఘటనలను నమోదు చేసే ‘క్లెయిమ్’ అనే స్వచ్ఛంద సంస్థ అంకెలకూ పొంతన లేదు, ప్రాజెక్టులో ఏది వేయాలి అని అడిగారు కదా. టెన్షన్ వద్దు, రెండూ వేర్వేరు వాటిని లెక్కపెడతాయి. పోలీసులు రాసుకునేది నేరాలనే: దాడి, మసీదు గోడ మీద నాజీ గుర్తు, శిక్షాస్మృతి 130వ సెక్షన్ కిందికొచ్చే విద్వేష ప్రచారం. హిజాబ్ చూసి ఇల్లు అద్దెకివ్వకపోతే అది 2006 నాటి వివక్ష నిరోధక చట్టం కింద సివిల్ వ్యవహారం. పోలీసు లెక్కలో కనబడదు, క్లెయిమ్ లెక్కలోకి వస్తుంది.

అసలు చిక్కు వేరే. ముస్లిం వ్యతిరేక నేరాలకు పోలీసులు విడిగా పద్దు తెరిచిందే 2017లో. అంతకు ముందు ఏళ్లతో పోలుస్తూ గ్రాఫ్ గీయకండి (నేను గీసి గైడ్ చేత చీవాట్లు తిన్నాను). రెండు అంకెలనూ కూడకండి, ఒకే ఘటన రెండు చోట్లా ఉండొచ్చు.