వల గుళ్ళు పోసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈసారి విసురువలకు సీసపు గుళ్ళు నువ్వే పోసుకుంటావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మంచి ఆలోచన. గుళ్ళన్నీ ఒకే బరువులో ఉంటే వల గుండ్రంగా విప్పారి, అంచు అంతా ఒక్కసారిగా అడుగుకు దిగుతుంది. బకింగ్‌హామ్ కాలువలో రొయ్య తప్పించుకోవడానికి ఒక పక్క తేలికగా ఉంటే చాలు. అయితే సీసం కరిగించడం తొందరపాటు మనుషుల పని కాదు. నీకు తొందర ఎక్కువ కాబట్టి, ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఇంత పొడవున రాస్తున్నాను.

ముందు కాలం సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మర పడవలకు వేట నిషేధం. వలలు బాగు చేసుకోవడానికి ఆ 61 రోజులే అనువు. గుళ్ళు కూడా అప్పుడే పోసుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలో వానల కాలం. అచ్చు, గరిటె, పాత సీసం అన్నీ చెమ్మ పట్టి ఉంటాయి. ఆ నెలల్లో ఈ పని తలపెట్టకు.

రోజులో అయితే తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించు. ఉదయం పూట గాలి నిలకడగా ఉంటుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక పొయ్యి మంట అటూ ఇటూ ఊగుతుంది. ఇంకో కారణం చెమట. వేసవి ఎండలో పొయ్యి మీదికి వంగితే నుదుటి నుంచి చుక్క జారి కరిగిన సీసం మీద పడుతుంది. తలకు గుడ్డ బిగించి కట్టుకో. గాలి నీకు ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్కకు పోయేలా నిలబడు. గాలికి వీపు పెడితే పొగ నీ ముందు సుడి తిరిగి ముఖానికే వస్తుంది.

ఇక నీటి సంగతి. ఈ ఉత్తరంలో మిగతావి మరిచిపోయినా ఇది మరవకు. కరిగిన సీసం పైన పడిన చుక్క చిటపటలాడి ఆవిరైపోతుంది. సీసం కిందికి చేరిన చెమ్మే ప్రాణం మీదికి తెస్తుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది, పైనున్న సీసాన్నంతా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. నువ్వు కరిగించబోయేది చిరిగిన వలల నుంచి విప్పిన పాత గుళ్ళు కదా! ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూడు. తాడు దూరే రంధ్రంలో ఇసుక, నాచు, తెల్లగా పేరుకున్న ఉప్పు కనిపిస్తాయి. చూడ్డానికి ఎండినట్టే ఉన్నా ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకే మంచినీళ్ళతో కడిగి, చువ్వతో రంధ్రాలు పొడిచి, మంచి ఎండలో కొన్ని రోజులు ఆరబెట్టు. వాటిని చల్లటి మూకుడులో పోసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించు. సీసం కరిగాక మధ్యలో ఒక్క గుండు కూడా వేయకు. ఇంకా కలపాలంటే మంట ఆర్పి, ఉన్నది గట్టిపడ్డాక దాని మీద వేసి మళ్ళీ వేడి చెయ్యి. గరిటెను కూడా మంట మీద వేడెక్కించకుండా ముంచకు.

మందపాటి ఇనుప మూకుడు తీసుకుని, సగానికి మించి నింపకు. అల్యూమినియం గిన్నె ఈ వేడికి మెత్తబడుతుంది, దాని జోలికి పోవద్దు. సీసానికి వాడిన మూకుడు ఇక జన్మలో వంటింటికి తిరిగి రాకూడదు. గరిటెకు జింకు పూత ఉండకూడదు.

కారు చక్రాలకు బిగించే పాత తూకపు ముక్కలు మెకానిక్కుల దగ్గర చవగ్గా దొరుకుతాయి. వాటిలో ఆంటిమొనీ కలిసి ఉంటుంది కాబట్టి గట్టిగా ఉంటాయి, పోసిన గుండుకు పనికొస్తాయి. నొక్కి బిగించే రకానికి మాత్రం మెత్తటి సీసమే కావాలి. ఆ ముక్కల్లో ఇప్పుడు జింకువి కూడా వస్తున్నాయి. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, జింకు 419కి గాని కరగదు. వేడి 400 లోపే ఉంచితే జింకు ముక్కలు కరగకుండా పైకి తేలతాయి, పట్టుకారుతో తీసి పారెయ్యి. పాత బ్యాటరీలు మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా పగలగొట్టవద్దు. వాటిలో ఆమ్లమే కాదు, ఆర్సెనిక్ కూడా ఉండవచ్చు.

పోతకు 370 నుంచి 400 డిగ్రీల వేడి సరిపోతుంది. అంత వేడిని కొలిచే, సీసంలో ముంచే కడ్డీ ఉన్న థర్మామీటర్ కొనుక్కో. దూరం నుంచి గురిపెట్టి చూసేది సీసం మెరుపుకు మోసపోయి తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి నువ్వు మంట పెంచుతావు. కరిగిన సీసం పైన నీలం, ఊదా రంగుల పొర కట్టిందంటే వేడి ఎక్కువైనట్టే. శెనగ గింజంత కొవ్వొత్తి మైనం వేసి కలియబెడితే మడ్డి పైకి వస్తుంది. మైనం భగ్గున అంటుకుంటుంది కాబట్టి చేయి దూరంగా ఉంచు.

అచ్చును ముందే పొయ్యి అంచున వేడెక్కనివ్వు. లోపల కొవ్వొత్తి మసి పల్చగా పట్టిస్తే గుండు అతుక్కోదు. మొదట పోసినవి ముడతలు పడి వస్తాయి. అచ్చు ఇంకా చల్లగా ఉందని అర్థం, వాటిని పక్కన పెట్టి మరో విడతలో కరిగించుకో. మంచు పట్టినట్టు తెల్లగా, గరుకుగా వస్తే అచ్చు మరీ కాగిందని, కాసేపు ఆగాలని గుర్తు. నున్నగా మెరుస్తూ వచ్చినవే సరైనవి. పోసేటప్పుడు ధార తెగకూడదు, అచ్చు నోటిపైన కాస్త ఎక్కువే నిలవాలి, చల్లబడేటప్పుడు లోపలికి కుంచించుకుపోయే సీసం అక్కడి నుంచే భర్తీ అవుతుంది.

పోశాక ఆ నోటి దగ్గరే చూపు నిలుపు. అద్దంలా మెరిసే సీసం చూస్తుండగానే ఒక్కసారి మసకబారుతుంది. అక్కడి నుంచి నెమ్మదిగా ఐదు లెక్కపెట్టి, రంధ్రం కోసం పెట్టిన చువ్వను మెలితిప్పుతూ లాగు. ముందే లాగితే రంధ్రం పూడిపోతుంది, మరీ చల్లారనిస్తే సీసం చువ్వను బిగించి పట్టేస్తుంది. పోసిన గుళ్ళను పొడి గుడ్డ మీద వేసి వాటంతట అవే ఆరనివ్వు. నీళ్ళలో వేసి చల్లార్చే అలవాటు కొందరికి ఉంది, నువ్వు ఆ పని చేయకు. నీళ్ళ తొట్టి కాలిన చేతిని ముంచడానికే, అదీ నాలుగడుగుల దూరంలో ఉండాలి.

లుంగీ, చెప్పులతో పొయ్యి దగ్గర నిలబడకు. నూలు ప్యాంటు, పొడుగు చేతుల నూలు చొక్కా, తోలు బూట్లు, తోలు గ్లౌజులు, ముఖమంతా కప్పే అద్దం ఉండాలి. నైలాను బట్ట ఒంటికి అతుక్కుని కాలుతుంది.

నాన్నా, నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు చంటిదాని గురించే. మింగిన సీసం పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ప్రమాదం లేదని చెప్పగలిగే మోతాదే లేదు. పని ఇంటి వాకిట్లో పెట్టుకోకు, వసారాలో అసలే వద్దు, దూరంగా దిబ్బ మీద చేసుకో. నీ భార్యను, పిల్లను ఆ దరిదాపులకు రానివ్వకు. పని మధ్యలో బీడీ, వక్కపొడి, టీ ఏవీ వద్దు. పైన తీసిన బూడిద రంగు మడ్డి అన్నిటికంటే చెడ్డది, సన్నటి పొడిగా ఎగురుతుంది. దాన్ని మూత బిగిసే డబ్బాలో వేసి, పాత బ్యాటరీల సీసం తీసుకునే అనుమతి ఉన్నవారికి అప్పగించు. కోళ్ళు తిరిగేచోట గాని, కాలువలో గాని పారబోయకు. చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు అక్కడే మార్చుకుని ఇంట్లోకి వెళ్ళు, వాటిని విడిగా ఉతకాలి.

ఇంకొకటి. వల విసిరేటప్పుడు అడుగు తాడును పళ్ళతో పట్టుకునే అలవాటు మన వాళ్ళందరికీ ఉంది. గుళ్ళ మీద పన్ను పడుతూనే ఉంటుంది. తాడుకు చిన్న నూలు పీలిక కట్టుకుని దాన్నే పంటితో పట్టుకో. గుండును నొక్కి బిగించడానికీ పళ్ళు వాడకు, పట్టుకారు వాడు.

ఇనుప అచ్చు, చువ్వలు నా దగ్గర ఉన్నాయి. మైపాడు వచ్చేటప్పుడు నీ పాత వల గుళ్ళు ఓ పిడికెడు తీసుకురా, తూచి చూసి ఏ అచ్చు సరిపోతుందో చెబుతాను. మొదటి విడత ఇద్దరం కలిసి పోద్దాం, అంతవరకు పొయ్యి వెలిగించకు.

ఇట్లు,
మీ మామయ్య