265 కిలోమీటర్లకు గంటా పది నిమిషాలా?

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉంది. గన్నవరం నుంచి ఫ్లైట్‌లో పంపిద్దామని చూస్తే టికెట్ మీద గంటా పది నిమిషాలు అని ఉంది. ఆకాశమార్గాన 265 కిలోమీటర్లే కదా, విమానం గంటకు 800 పోతుందంటారు, అంటే 20 నిమిషాల్లో దిగిపోవాలి. మధ్యలో ఎక్కడైనా ఆపుతారా ఏంటి?
– ఓ తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆపరండీ, సూర్యాపేటలో టీకి దింపే సౌకర్యం విమానానికి ఇంకా రాలేదు.

ఆ 800 అనేది పెద్ద జెట్ విమానం 30 వేల అడుగులు దాటాక అందుకునే వేగం. ఇలాంటి దగ్గర రూట్లలో తిరిగే ఏటీఆర్‌లు ముందు పంకాలుండే చిన్న విమానాలు, బాగా పోతే గంటకు 500. పోనీ జెట్ దొరికినా మీకు కలిసొచ్చేది కొద్ది నిమిషాలే, ఎందుకంటే 10 వేల అడుగుల కింద మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటనివ్వరు, ఆ ఎత్తు దాటి ఇంకాస్త పైకి ఎక్కాడో లేదో పైలట్ మళ్లీ దిగే పనిలో పడాలి. పైగా టికెట్ మీది టైము గాల్లో ఉండే టైము కాదు. విమానం ఇక్కడ నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడ ఆగేదాకా లెక్క. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి తూర్పు గాలి వీచే రోజున మనవైపు నుంచి వెళ్లిన విమానం ఎయిర్‌పోర్ట్ దాటిపోయి, వెనక్కి తిరిగొచ్చి దిగుతుంది.

అసలు మీరు లెక్కేయాల్సింది ఇదంతా కాదు. బ్రాడీపేట నుంచి గన్నవరం 50 కిలోమీటర్లు పైమాటే. హైదరాబాద్ పడమట ఉంటే మీరు తూర్పుకి బయల్దేరి, వారధి దాటి, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో టెన్షన్ పడి, కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే చేరాలి. అక్కడ దిగాక శంషాబాద్ నుంచి ఊళ్లోకి మళ్లీ ప్రయాణం. అన్నీ కలిపితే ఐదు గంటలు ఎక్కడికీ పోవు. తిరుపతి నుంచి వచ్చే వందేభారత్ సాయంత్రం గుంటూరులోనే ఎక్కితే నల్గొండ మీదుగా అర్ధరాత్రి లోపు సికింద్రాబాద్‌లో దించుతుంది. నేనైతే ముందురోజు అదే ఎక్కిస్తా, కుర్రాడు హాయిగా నిద్రపోయి ఇంటర్వ్యూకి వెళ్తాడు. ఢిల్లీ అయితే మాత్రం రెండో ఆలోచన వద్దు, గన్నవరం నుంచి 1,400 కిలోమీటర్ల లోపే, రెండున్నర గంటల్లోపు దిగుతారు, రైలైతే ఒక పగలూ రాత్రీ దాటుతుంది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లడానికి టికెట్ మీది దిగే టైములోంచి బయల్దేరే టైము తీసేస్తే రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలు కనిపిస్తోంది. ఏది నిజం?
– పటమట, విజయవాడ

జవాబు: రెండూ కాదు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు, దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఆ గంటన్నర వెళ్లేటప్పుడు కలపండి, వచ్చేటప్పుడు తీసేయండి. వెళ్లడానికి నాలుగు, రావడానికి మూడున్నర వస్తుంది. దూరం రెండువైపులా 2,550 కిలోమీటర్లే. మిగిలిన ఆ అరగంట తేడా పైన పడమటి నుంచి వీచే గాలిది, వచ్చేటప్పుడు అది విమానాన్ని వెనక నుంచి తోస్తుంది.